పాత అంబాసిడరునకు క్రొత్త పొగగొట్టములు

మోటారుబండి సంగతి పురుషులదనియు, వంటయింటి సంగతి స్త్రీలదనియు పెద్దలొక హద్దు గీసియుంచిరి. కాని ఆ బండిలో వెనుక కూర్చుండువారము మనమును మన బిడ్డలును గదా! బండి విడుచు పొగ యెచటికి పోవుచున్నదో తెలిసికొనుట గృహిణికి అక్కఱలేని విద్య యని మేము తలంపము. పాత అంబాసిడరును మక్కువతో నిలుపుకొన్న యిండ్లలో పడుచువాండ్రు దానికి హెడర్లు వేయింపవలెనని ముచ్చటపడుట కలదు. అందలి మంచిచెడ్డలను సోదరీమణులకు విన్నవింపదలచినాము.

అంబాసిడరు బండ్లు పశ్చిమ బంగాళములోని ఉత్తరపాడాలో 2014 మే నెల వఱకు తయారైనవి. వానిలో పాతవాటియందు పెక్కింటికి ఆంగ్లదేశపు నమూనాపై చేసిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండును. దానికి సిలిండర్లు నాలుగు. వానినుండి వెలువడు పొగ, పోతయినుముతో చేసిన బరువైన మానిఫోల్డులో కలిసి, క్రిందికి దిగి, సైలెన్సరు గుండ వెనుకకు పోవును. ఆ మానిఫోల్డును తీసివైచి, దాని స్థానమున పొడవైన ఉక్కు గొట్టములను విడివిడిగా అమర్చుటయే హెడర్లు వేయుట. ఇవి బండి చేసిన కంపెనీవారివి గావు. బయటి కార్ఖానాలవారు చేసి అమ్మునవి.

ఇందలి యుపాయము పొయ్యి యెఱిగిన మనకు సులభముగనే బోధపడును. రెండు పొయ్యిల పొగ ఒకే యిఱుకు గూటిలో ఒక్కమాఱు దూరినచో ఒకదానినొకటి త్రోసికొని గదిలోనికి తన్నును. వేర్వేఱు త్రోవల కొంతదూరము నడచి పిదప కలిసినచో, ముందుపోవు పొగ వెనుకదానిని లాగికొనిపోవును. అయితే ఈ ఇంజనులో రెండవ, మూడవ సిలిండర్లకు పొగదారి యొక్కటియే. కావున హెడరునకు నాలుగు గొట్టములుండవు, మూడే యుండును. గాలి పీల్చు దారులును కార్బురేటరును ఎప్పటివలెనే యుండగా, పొగదారి నొక్కదానిని సవరించినందున కలుగు లాభము స్వల్పము. అదియు ఇంజను మిక్కిలి వేగముగ తిరుగునపుడే తెలియును. గుడికిని, బడికిని, పుట్టింటికిని పోవు బండికి దానివలన ఒరుగునది కొంచెమే.

నష్టమో, అతుకు సరిగా కుదరనియెడల ప్రాణముమీదికే రావచ్చును. పెట్రోలు పొగలో కార్బను మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. ముందు అతుకున కారిన పొగ, బండి ముందుగోడలోని సందులగుండ లోనికి రాగలదు. తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట, మగత దాని గుర్తులు. బిడ్డలు బండిలో తూగుచుండ ప్రయాణపు బడలిక యని మనము సరిపెట్టుకొందుము, అదియే ప్రమాదము. గర్భవతులకును గర్భస్థశిశువునకును హాని మఱింత యెక్కువ. ఒకరికంటె ఎక్కువమందికి తలనొప్పి కలిగినచో తక్షణమే బండి నాపి, అందఱును ఆరుబయటికి వచ్చి, వైద్యుని చూడవలెను.

ఇన్నియు విన్న పిదపను ఇంటివారు వేయింపనెంచినచో, పని యెట్లు జరుగవలెనో తెలిసియుండుట మేలు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే చేయిపెట్టవలెను. ఏండ్ల వేడికి బిగిసిన నట్లకు ముందునాటి రాత్రియే తుప్పు వదలించు నూనె పట్టింపవలెను. లేనిచో స్టడ్లు విఱుగును. పాత గ్యాస్కెట్టు ముక్కలను గీకి, క్రొత్తది వేయవలెను. ఈ ఇంజనులో గాలి మానిఫోల్డును, పొగ మానిఫోల్డును ఒక ప్రక్కనే యుండును. కొన్నిచోట్ల రెంటి యంచులను ఒకే వాషరు నొక్కిపట్టును. క్రొత్త హెడరు అంచు పలుచనైనచో వాషరు ఒకదానిపైననే బిగిసి, రెండవది వదులగును. పొగ కారుటకు ఇది ముఖ్యకారణము. అంచుల మందము సమానముగా నున్నదా యని మేస్త్రీని తప్పక అడుగుడు. నట్లను నడుమనుండి కొనలకు కొంచెము కొంచెముగా బిగించి, బండి ఒకమాఱు వేడెక్కి చల్లారిన తరువాత మరల బిగింపవలెను. గొట్టము బ్రేకుగొట్టమునకుగాని, తీగలకుగాని తగులరాదు.

పని ముగిసినపుడు మనము చూడదగినవి రెండు. మొదటిది చప్పుడు: చల్లని ఇంజనును నడిపినపుడు టిక్కుటిక్కుమను ధ్వని వినబడినచో పొగ కారుచున్నదని యర్థము. రెండవది మసి: కొన్ని దినములకు అతుకుచుట్టు నల్లని చార కనబడినచో, ఇడ్లీపాత్ర మూతసందున ఆవిరివలె, అచట పొగ వెలువడుచున్నదన్నమాట. ఈ పరీక్షలు ఆరుబయటనే చేయవలెను. మూసిన కొట్టములో ఇంజనును ఎన్నడును నడుపనీయరాదు.

చట్టమును మఱవరాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీవారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. బండికి సైలెన్సరు ఉండితీరవలెనని 1989వ సంవత్సరపు నియమములు శాసించుచున్నవి. కావున ముందుగా రవాణా కార్యాలయమున విచారించి, పని యైన పిదప కాలుష్యపరీక్ష చేయించుట యుక్తము. తరువాతి కాలపు బండ్లలో పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు ఉండును. హెడరు నెపమున దానిని తీసివేయనీయకుడు.

పిల్లల ముచ్చటను కాదనుమని మేము చెప్పుట లేదు. హెడరు కొనుటకు ముందు, ఉన్న మానిఫోల్డున పగుళ్లు కలవేమో, గ్యాస్కెట్టు చెడినదేమో, సైలెన్సరు తుప్పుపట్టినదేమో చూపింపుడు. పలుమాఱులు ఆ మరమ్మతుతోనే పాత బండి హాయిగ సాగును. వేగము కొంత తగ్గినను లోటు లేదు; బండి నెక్కినవారందఱు క్షేమముగ దిగుటయే మనకు కావలసినది.