ఫాంటు మార్చినా తెలుగు మారదెందుకు?

ముచ్చటపడి ఫోన్లో కొత్త ఫాంటు దించుకుంటారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోగానే గడియారం అంకెలు మారతాయి, యాప్‌ల కింద ఇంగ్లీషు పేర్లు వంకీలు తిరుగుతాయి. వాట్సాప్‌లో వదిన పంపిన తెలుగు మెసేజ్ మాత్రం నిన్నటిలాగే ఉంటుంది. ఫోను చెడిపోలేదు, మీరు నొక్కిందీ తప్పు కాదు. ఆ ఫాంటులో తెలుగు లేదు, అంతే.

ఎంచుకున్న ఫాంటులో లేని అక్షరం ఎదురైతే ఫోన్ సిస్టంలో ముందే ఉన్న మరో ఫాంటు నుంచి దాన్ని తెచ్చి పెడుతుంది. ఆండ్రాయిడ్‌లో చాలామటుకు అది గూగుల్ వారి నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు. ఏ స్టైల్ పెట్టినా తెలుగు ఒకేలా కనిపించడానికి కారణం ఇదే.

మరి ఫాంట్లు గీసేవాళ్లు తెలుగు ఎందుకు కలపరు? లెక్క చూడండి. ఇంగ్లీషుకు పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 62. విరామ చిహ్నాలూ అవీ కలిపినా వంద చిల్లర ఆకారాలతో పని గడిచిపోతుంది. తెలుగుకు యూనికోడ్ కేటాయించిన గడులు 128, అందులో నిండినవి ఓ వంద. ఇదీ వందేగా అనిపిస్తుంది. కానీ 36 హల్లులకు క నుంచి కౌ దాకా 13 రూపాల చొప్పున గుణింతం వేస్తే 468. ఒక్కో హల్లుకు ఒక్కో వత్తు చేర్చి, దానికీ గుణింతం కడితే 36 × 36 × 13, అంటే 16,848. వీటిలో చాలావాటితో మన భాషలో మాటే లేదు, నిజమే. అన్నిటినీ విడివిడిగా గీయరు కూడా. ముక్కలు గీసి, ఏది ఎక్కడ అతకాలో నియమాలు రాస్తారు. పేచీ అంతా ఆ నియమాల్లోనే. ‘కు’లో కొమ్ము ఒక చోట తగులుకుంటుంది, ‘పు’, ‘వు’లలో మరో చోట. ‘హా’ దీర్ఘం దారి వేరు. ‘జ్యోత్స్న’ తెర మీద రెండక్షరాలు. ఫోను లెక్కలో జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న, మొత్తం తొమ్మిది సంకేతాలు.

ఈ కూర్పు ఎంత చిక్కో 2018 ఫిబ్రవరిలో ఆపిల్‌కు తెలిసొచ్చింది. ‘జ్ఞా’కు చెందిన ఐదు సంకేతాల వరుస ఒకటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. తప్పు తెర మీద అక్షరాలు కూర్చే ప్రోగ్రాముది, చెడ్డపేరు మాత్రం తెలుగక్షరానికి వచ్చింది!

ఇక ఫాంటు మార్చడమెలా అంటే, శాంసంగ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫాంట్ సైజ్ అండ్ స్టైల్. షావోమీ, వివో, ఒప్పోల్లో థీమ్స్ యాప్ చూడండి. ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి ఫాంట్లు వేసుకోవచ్చు గానీ వాటిని ఒప్పుకునే యాప్‌లలోనే అవి పనిచేస్తాయి, ఫోన్ అంతటా కాదు. ఫోనంతా మార్చేస్తామంటూ అనవసరమైన పర్మిషన్లు అడిగే బయటి యాప్‌ల జోలికి పోకండి. వాట్సాప్ పేర్లకు వాడే ‘స్టైలిష్’ అక్షరాలు అసలు ఫాంట్లే కావు. చాలామటుకు గణితం కోసం యూనికోడ్‌లో పెట్టిన 996 గుర్తుల్లోంచి తెచ్చినవి. ఇంగ్లీషు, గ్రీకు అక్షరాలూ అంకెలే తప్ప తెలుగు వాటిలో లేదు.

నన్నడిగితే తెలుగు చదివేవాళ్లకు స్టైల్ కంటే సైజే ముఖ్యం. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఒక చిన్న గీత. ‘ప’, ‘ఫ’ల మధ్యా అంతే. సైజు తగ్గితే ముందు కనబడకుండా పోయేవి ఆ గీతలే. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం 130 శాతమే గరిష్ఠం. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 దాన్ని 200కు పెంచింది. ఐఫోన్‌లో మామూలు మెట్లు 7, యాక్సెసిబిలిటీలో మరో 5. అయితే ఖర్చూ ఉంది. అక్షరం పొడవూ వెడల్పూ 1.3 రెట్లయితే తెర మీద పట్టేది మునుపటిలో 59 శాతమే. రెట్టింపయితే పాతిక శాతం. పైగా సరిగా తయారుచేయని యాప్‌లలో బటన్ల మీద వత్తుల కాళ్లు తెగుతాయి. 115 శాతం దగ్గర మొదలుపెట్టి, కంటికి హాయి అనిపించిన చోట ఆపండి.

మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోస్టర్లు, శుభలేఖలు చేసే యాప్‌లలో వాటిని వాడుకోవచ్చు. ఫోనుకే తెలుగు ఫాంటు కొనాలనుకుంటే మాత్రం డబ్బు కట్టేముందు నమూనాలో జ్యోత్స్న, స్త్రీ, లక్ష్మి, వాఙ్మయం ఎలా ఉన్నాయో చూడండి. నమూనాలో ఇంగ్లీషు మాత్రమే చూపిస్తే కొనకండి.