గాయానికి పందిరి



మన పెరట్లో బీరపాదు ఉంటుంది. ఒక కాయను కోయకుండా పాదుకే వదిలేస్తే ఏమవుతుంది? ముదురుతుంది. ఎండుతుంది. పైతోలు తీసి దులిపితే గింజలు రాలిపోతాయి. లోపల గుజ్జు ఉండదు. పీచు మాత్రం మిగులుతుంది. ఆ పీచుతో ఒళ్ళు రుద్దుకుంటాం. కాయ ఏ రూపంలో ఉందో పీచు కూడా అదే రూపంలో ఉంటుంది.

మన ఒంట్లో కూడా ఇలాంటి పీచు ఉంది. అలాంటి పీచుతోనే డాక్టర్లు ఇప్పుడు గాయాలకు వైద్యం చేస్తున్నారు. ఆ సంగతి తెలుసుకుందాం.

కణాలు, పీచు

మన ఒళ్ళంతా కణాలతో తయారైంది. కణం కంటికి కనిపించనంత చిన్నది. దానికి ప్రాణం ఉంటుంది. ఒంట్లో ఇలాంటివి కోట్ల కోట్లు ఉంటాయి. వాటి చుట్టూ సన్నని పీచు అల్లుకొని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కొలాజెన్ అనే మాంసకృత్తు. తీగ పందిరిని పట్టుకొని పాకినట్టు, కణాలు ఈ పీచును పట్టుకొని పెరుగుతాయి.

చిన్న గాయమైతే దానంతట అదే మానుతుంది. కాలిన గాయం లోతుగా ఉంటే? చర్మంతో పాటు పందిరి కూడా పోతుంది. ఇక కొత్త కణాలు దేన్ని పట్టుకొని పాకాలి? అందుకే అలాంటి గాయం త్వరగా మానదు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ కాలిపుండ్లు కూడా ఒక పట్టాన మానవు.

పందిరి ఎక్కడి నుంచి తెస్తారు?

జంతువుల నుంచి తెస్తారు. కానీ ఒక చిక్కు ఉంది. వేరే జంతువు కణాలను మన ఒళ్ళు ఒప్పుకోదు. శత్రువులనుకొని పోరాడుతుంది. పీచు సంగతి వేరు. పందిలోనైనా, మనిషిలోనైనా అది చాలావరకు ఒకేలా ఉంటుంది. అందుకని కణాలను తీసేసి పీచును మాత్రం ఉంచుకుంటారు.

ఎలా తీస్తారు? సబ్బులాంటి మందు కలిపిన నీళ్ళలో నానబెడతారు. కొన్నిచోట్ల ఉప్పునీళ్ళు వాడతారు. గడ్డకట్టించి, మళ్ళీ కరిగిస్తారు. దాంతో కణాలు పగిలిపోతాయి. తర్వాత మంచినీళ్ళతో చాలాసార్లు కడుగుతారు. సబ్బుమందు మిగిలితే కొత్త కణాలు బతకవు. చివరికి తెల్లని పొర మిగులుతుంది. దానిలో క్రిములు లేకుండా చేసి భద్రపరుస్తారు.

ఈ పొరను గాయం మీద పరుస్తారు. చుట్టుపక్కల ఉన్న మన కణాలే దానిలోకి పాకుతాయి. మెల్లగా కొత్త చర్మం వస్తుంది.

మన దేశంలో తయారైన పొర

కోడిని కోసేటప్పుడు కార్జం పక్కన పచ్చని చిన్న తిత్తి చూసే ఉంటారు. అది పగిలితే కూరంతా చేదు. దాన్నే పిత్తాశయం అంటారు. పందికీ పిత్తాశయం ఉంటుంది. కేరళలోని తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఉంది. అక్కడివాళ్ళు పంది పిత్తాశయం నుంచి ఇలాంటి పొర తయారుచేశారు. దాని పేరు కోలెడెర్మ్. ముందు ఎలుకలు, కుందేళ్ళు, కుక్కల మీద పరీక్షించారు. కాలిన గాయాలు త్వరగా మానాయి. మచ్చ కూడా తక్కువగా పడింది. 2023లో దీనికి ప్రభుత్వ అనుమతి వచ్చినట్టు ప్రకటించారు.

గుండెను కూడా చేయవచ్చా?

2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డోరిస్ టేలర్ అనే ఆమె, ఆమెతో పనిచేసేవాళ్ళు ఎలుక గుండెను ఇలాగే కడిగారు. పీచు గుండె మిగిలింది. దానిలో ఎలుక పిల్లల గుండె కణాలు పోశారు. ఎనిమిది రోజులకు అది కొట్టుకుంటూ కాస్త పనిచేసింది. కానీ దాని బలం పెద్ద ఎలుక గుండె బలంలో వందకు రెండు వంతులే. మనిషికి ఇలాంటి గుండె ఇంకా తయారు కాలేదు. ఎవరైనా తయారైందని చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

చదివి సంతకం పెట్టండి

ఒళ్ళు కాలితే వెంటనే ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళు పోయండి. పళ్ళపేస్టు, సిరా పూయకండి. తర్వాత ఆసుపత్రికి వెళ్ళండి.

ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఇదివరకు మీరు వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. తీరిగ్గా చదవండి. అర్థం కాకపోతే అడగండి. గాయం మీద ఏ పొర వేస్తారు? ఏ జంతువుది? ఖర్చు ఎంత? కొందరికి పందిది పనికిరాదు. కొందరికి ఆవుది పనికిరాదు. అది వాళ్ళ ఇష్టం. ముందే చెబితే డాక్టరు వేరే దారి చూస్తారు. ఒళ్ళు మనది. అడగడానికి సిగ్గుపడకండి.

ఆలోచించండి, చర్చించండి

1. జంతువు కణాలను ఎందుకు కడిగేస్తారు?
2. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయినప్పుడు కాగితం మీద ఏం రాసి ఉందో ఎవరైనా చదివి చెప్పారా?