బాతులు దిగే గుంట: కువైట్ మజ్రాల్లో చలికాలపు వేట వెనక ఉన్న సంగతులు

అబ్దలీ వైపు ఒక మజ్రాలో పనిచేసే తమ్ముడు ఒకతను ఉన్నాడు. రాయచోటి వైపు మనిషి, మా ఆయనకు బాగా తెలుసు. పోయిన చలికాలం ముందు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు సైన్సు చదివినావు కదా, ఒక మాట చెప్పు. ఈ ప్లాస్టిక్ బాతుల్ని చూసి నిజం బాతులు ఎట్ల వస్తాయి?" అని అడిగాడు. అతని బాబా తోట చివర ఒక గుంట తవ్వించాడట. ట్యాంకర్‌తో నీళ్ళు నింపడం, అంచుల్లో బార్లీ గింజలు చల్లడం, ప్లాస్టిక్ బాతుల్ని తేలేయడం, పొద్దు గుంకే వేళకు స్పీకర్‌లో బాతుల అరుపులు పెట్టడం, ఇవన్నీ ఇతని పనులు. తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్ళు వేరే.

బాతుల సంగతి చెప్పించుకున్నాక అతను అసలు ప్రశ్న అడిగాడు. "పోలీసులొస్తే నాకేమన్నా అయితాదా అక్కా?"

ఈ రెండు ప్రశ్నలు అతనొక్కడివే కావు. మజ్రాల్లో, జఖూర్లలో, ఎడారి క్యాంపుల్లో పనిచేసే మనవాళ్ళు వేల మంది ఉన్నారు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఇక్కడికొచ్చాక పిల్లలకు పక్షుల పిచ్చి పట్టడంతో ఆ పుస్తకాలు మళ్ళీ తీయాల్సి వచ్చింది. కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ బాతులు ఎవరో చూద్దాం. కొల్లేటి వైపు వాళ్ళు అడవి బాతులన్నిటినీ కలిపి పరజలు అంటారు. సైబీరియా, కజకిస్తాన్ లాంటి చోట్ల వేసవిలో పిల్లల్ని చేసి, అక్కడ నీళ్ళు గడ్డకట్టే ముందు దక్షిణానికి బయల్దేరతాయి. కొన్ని గుంపులు కొల్లేరుకు, పులికాట్‌కు పోతాయి. కొన్ని ఇరాక్ చిత్తడి నేలల మీదుగా ఈ గల్ఫ్ వైపు దిగుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడ కనిపిస్తాయి. పావురం కంటే కొంచెం పెద్దగా ఉండే టీల్, తోక సూదిలా సాగిన పిన్‌టెయిల్, మూతి గరిటెలా వెడల్పుగా ఉండే షావెలర్, మగదానికి పచ్చటి తల ఉండే మల్లార్డ్. మనం ఇళ్ళలో పెంచుకునే బాతుల్లో చాలా వాటికి ఈ మల్లార్డే మూలం.

ఇవన్నీ మునిగి ఈదే రకం కాదు. తల నీళ్ళలో పెట్టి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులో మేస్తాయి. అందుకే వీటికి లోతైన నీళ్ళతో పని లేదు. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు, నిదానంగా వాలిన గట్టు ఉంటే చాలు. ఇంగ్లండ్‌లో ఇలాంటి గుంటను ఫ్లైట్ పాండ్ అంటారు. పేరులోనే కిటుకు ఉంది. బాతులు అందులో కాపురం ఉండవు, ఎగిరి వచ్చి పోతాయి. పగలంతా పెద్ద చెరువులోనో, సముద్రపు పాయలోనో, నలువైపులా కనబడే చోట గుంపుగా విశ్రాంతి తీసుకుంటాయి. చీకటి పడే వేళకు లేచి చిన్న గుంటలకు, కోసిన పొలాలకు మేతకు వస్తాయి. తెల్లారే ముందు తిరిగి వెళ్తాయి. రాత్రి మేయడానికి వాటికి వెలుతురు అక్కర్లేదు. మూతి అంచుల్లో స్పర్శ తెలిసే నాడులు దట్టంగా ఉంటాయి, లోపల దువ్వెన పళ్ళ లాంటి వరుసలు ఉంటాయి. బురద నీళ్ళను వడగట్టి గింజను పట్టుకుంటాయి. చీకట్లో చేత్తో తడిమి బియ్యంలో రాయి ఏరినట్టన్నమాట.

వేటగాళ్ళ పద్ధతంతా ఈ రోజువారీ అలవాటు మీదే కట్టింది. గుంట పొలానికో తోటకో ఒక మూల, మనుషుల అలికిడికి దూరంగా ఉండాలి. దిగడానికి వీలుగా ఒక పక్క చెట్లు లేకుండా ఖాళీగా ఉండాలి. తుపాకీ పట్టకముందే కొన్ని వారాల పాటు రోజూ బార్లీనో, తాలు గింజలో నీటి అంచున చల్లుతారు. మొదట ఒకటో రెండో వస్తాయి. వాటిని చూసి మిగతావి వస్తాయి. పొద్దున్నే గట్టు మీద ఈకలు, రెట్టలు కనబడ్డాయంటే గుంట కుదిరినట్టు లెక్క.

ప్లాస్టిక్ బాతుల సంగతి ఇక్కడే వస్తుంది. ఆకాశం నుంచి చూసే బాతుకు కావలసింది ఒకటే సమాచారం: అక్కడ ప్రమాదం ఉందా లేదా. ముందే దిగినవి నింపాదిగా తేలుతున్నాయంటే లేదనే అర్థం. రద్దీగా ఉన్న హోటల్ చూసి మనం లోపలికి వెళ్ళినట్టే. కానీ ఆ బొమ్మల్ని ఎలా పడితే అలా వేస్తే లాభం లేదు. బాతు విమానంలాగే గాలికి ఎదురుగా దిగుతుంది. కాబట్టి బొమ్మల మధ్య దిగేంత ఖాళీ వదిలి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని మాటు కట్టుకుంటారు. మాటు బాగా కప్పి ఉండాలి. బాతు కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడంతో తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు, రంగులు కూడా బాగా తెలుస్తాయి. మాటులో మనిషి ముఖం ఎత్తితే చాలు, గుంపు మొత్తం పక్కకు తిరిగిపోతుంది.

ఇంగ్లండ్‌లో అనుభవజ్ఞులు ఇంకో నియమం చెబుతారు. ఒక గుంట మీద రెండు మూడు వారాలకు ఒకసారికి మించి కాల్చకూడదు. కాల్చిన రోజు కూడా ఇంకా వస్తుండగానే ఆపేసి వెళ్ళిపోవాలి. ఆలస్యంగా వచ్చినవి నిశ్చింతగా మేసి వెళ్తేనే రేపు మళ్ళీ వస్తాయి. రోజూ కాలిస్తే వారంలో గుంట ఖాళీ. ఇందులో దయ కంటే లెక్కే ఎక్కువ. అయినా ఆ లెక్క వల్ల కొన్ని బతుకుతాయి.

కువైట్‌లో పరిస్థితి వేరు, నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. ఇంగ్లండ్‌లో బాతుకు ఆ గుంట కాకపోతే ఇంకో గుంట. ఈ దేశంలో ఒక్క నది లేదు, ఏడాదికి పడే వాన సుమారు 110 మిల్లీమీటర్లు. వందల మైళ్ళు ఎగిరి ఎడారి మీదకు వచ్చిన పక్షికి కింద మెరిసే ఒక్క గుంట కనబడితే వేరే దారి ఉండదు. గింజ, బొమ్మ, స్పీకరు ఏవీ లేకపోయినా దిగుతుంది. దాహంతో, అలసటతో దిగినదాన్ని కాల్చడంలో వేట నేర్పు ఎక్కడుందో నాకు అర్థం కాదు.

నీటి మెరుపు పక్షిని ఎంతగా లాగుతుందో ఈ దేశం ఒకసారి ఘోరంగా చూసింది. 1991లో ఇరాక్ సైన్యం వెళ్ళిపోతూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పంటించింది. ఆఖరి బావి ఆరింది ఆ ఏడాది నవంబరు 6న. పైకి ఎగజిమ్మిన క్రూడ్ ఎడారి పల్లాల్లో చెరువుల్లా నిలిచిపోయింది. వలస పక్షులు వాటిని నీళ్ళనుకుని దిగి, ఈకలు అంటుకుపోయి అక్కడే చచ్చిపోయాయి. గాబోర్ హోర్వాత్, యోహెన్ జైల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1996లో నేచర్ పత్రికలో ఈ చమురు చెరువుల గురించే ఒక వ్యాసం రాశారు. అది పురుగుల గురించి. నీటి మీద పడి తిరిగొచ్చే కాంతి ఒకే దిశలో కంపిస్తుంది, దాన్ని పోలరైజ్డ్ కాంతి అంటారు. నీటి పురుగులు ఆ గుర్తుతోనే నీళ్ళను కనిపెడతాయి. నల్లటి చమురు ఆ గుర్తును నీటికంటే బలంగా చూపిస్తుంది. దాంతో పురుగులు నీళ్ళను వదిలి చమురులోకే పోయాయి.

బాతుల్ని మోసం చేయడంలో డచ్ వాళ్ళది ఇంకో తెలివి. చెరువు నుంచి వంకర కాలువలు తీసి, వాటి మీద వల కప్పి, గట్టున తడికల చాటున నక్కలాంటి ఎర్ర కుక్కను నడిపించేవారు. నక్క కనబడితే బాతులు పారిపోవు. నీళ్ళలో ఉన్నంతసేపు భయం లేదు గనుక, అది ఎటు పోతుందో కనిపెడుతూ వెంబడే ఈదుతాయి. అలా కాలువ సన్నబడేదాకా వెళ్ళి వలలో పడేవి. ఇంగ్లీషులో డికాయ్ అన్న మాట డచ్ నుంచే వచ్చింది. ఇంగ్లండ్‌లో స్లింబ్రిడ్జ్ అనే చోట ఉన్న అలాంటి పాత వల కాలువనే పీటర్ స్కాట్ తర్వాత బాతుల కాళ్ళకు రింగులు తొడిగి వదలడానికి వాడాడు. ఆయన కుర్రతనంలో పెద్ద వేటగాడు. 1946లో అక్కడే పక్షుల రక్షణ ట్రస్టు పెట్టాడు. యూకేలో ఉన్నవాళ్ళు పిల్లలతో తప్పక వెళ్ళాల్సిన చోటు.

మన దేశమూ ఇందులో తక్కువ తినలేదు. భరత్‌పూర్ మహారాజులు కట్టలు కట్టి నీళ్ళు మళ్ళించి ప్రత్యేకంగా బాతుల వేట కోసమే ఒక చిత్తడి నేల తయారు చేశారు. 1938 నవంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కొట్టింది. ఆ లెక్క అక్కడ రాతి మీద చెక్కి ఉంది. ఇప్పుడది కేవలాదేవ్ జాతీయ పార్కు, 1985 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మన దగ్గర పరజను కొట్టడం, అమ్మడం నేరం. కొల్లేటి పరజ కూర గురించి గొప్పగా చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, అది వేరే సంగతి.

ఇక తమ్ముడి రెండో ప్రశ్న. కువైట్‌లో 2014లో వచ్చిన 42వ నంబరు పర్యావరణ చట్టంలో 100వ ఆర్టికల్ అడవి జంతువుల్ని, పక్షుల్ని వేటాడటం, చంపడం, పట్టడం, దగ్గర ఉంచుకోవడం నిషేధిస్తుంది. మజ్రా సొంతదే కదా, గుంట నాదే కదా అంటే కుదరదు. పర్యావరణ పోలీసులు వేరుగా ఉన్నారు. తుపాకీ లైసెన్సు ఉండటం వేరు, ఈ పక్షిని కాల్చే అనుమతి ఉండటం వేరు. గుంటకు నీళ్ళు నింపడం నేరం కాదు, ఆవులకైనా నింపుతాం. కానీ స్పీకరు చేతిలో ఉండి, చచ్చిన బాతుల సంచి బండిలో ఉంటే, "బాబా చెప్పాడు" అన్న మాట ఎంతవరకు కాపాడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మనలాంటివాళ్ళకు ఏ కేసైనా చివరికి అకామా మీదికే వస్తుంది. నేను అతనికి చెప్పింది ఇంతే: మేత వేయమంటే వేయి, వలకు, స్పీకరుకు, సంచికి చేయి తగలనీకు. మెల్లగా భయం వంక పెట్టి తప్పుకో. ఎదురు తిరగమని చెప్పలేను, జీతం అతనిది. ఎవరినైనా నిజంగా ఇరికిస్తే ముందు చేయాల్సింది మన ఎంబసీ సహాయ విభాగానికి ఫోన్ చేయడం. అరబిక్‌లో రాసిన కాగితం ఏదైనా అర్థం కాకుండా సంతకం పెట్టవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది చదివి ఇక్కడ మామూలే కదా అనుకోవచ్చు. అక్కడా గింజలు చల్లిన చోట నీటి పక్షుల్ని కాల్చడం, ప్రాణమున్న బాతుల్ని ఎరగా కట్టడం 1935 నుంచి నిషేధం. రికార్డు చేసిన అరుపులు వాడకూడదు. 1991 నుంచి నీటి పక్షుల వేటకు సీసపు గుళ్ళు కూడా దేశమంతా బంద్.

సీసం సంగతి తల్లులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బాతుకు పళ్ళు ఉండవు. చిన్న రాళ్ళు మింగి గిజర్డ్‌లో దాచుకుంటుంది, గింజ నలిగేది అక్కడే. గుంట అడుగున పడిన సీసపు గుళ్ళను కూడా రాళ్ళనుకుని మింగుతుంది. కడుపులోని ఆమ్లానికి సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. తుపాకీ తగలని పక్షి కూడా ఇలా చిక్కి చస్తుంది. కాల్చిన పక్షి మాంసంలో గుండు ముక్కలు కంటికి కనబడనంత సన్నగా ఉండిపోతాయి. పిల్లల మెదడుకు సీసం ఎంత కొంచెమైనా మంచిది కాదు. దానికి తోడు బర్డ్ ఫ్లూ. గల్ఫ్‌లో మొదటిసారి హెచ్5ఎన్1 బయటపడింది ఇక్కడే, 2005 నవంబరులో ఒక ఫ్లెమింగోలో. కాబట్టి బాబా ఇంటి నుంచి ప్రేమగా పంపినా, ఎవరైనా చవకగా అమ్మజూపినా అడవి బాతు కూర వద్దు. చచ్చిపడిన పక్షిని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

బాతుల్ని చూడాలంటే జహ్రా పూల్స్ రిజర్వుకు వెళ్ళండి. కువైట్ సిటీకి పడమర, బే అంచున ఉంది. శుద్ధి చేసిన మురుగునీరు చేరి రెల్లు పెరిగి, చలికాలమంతా టీల్, షావెలర్ గుంపులు, వాటి మీద కన్నేసే గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్ కనబడతాయి. రిజర్వు పర్యావరణ సంస్థ అధీనంలో ఉంది, అనుమతి పద్ధతి ముందుగా కనుక్కుని బయల్దేరండి. ఎర్రవి, తెల్లవి కాకుండా ఇసుక రంగు బట్టలు వేయండి. పొద్దున్నే అయితే సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. గాలి మీ వీపు మీద వీస్తుంటే ఇంకా మంచిది, బాతులు గాలికి ఎదురుగా, అంటే మీ ముఖం వైపే దిగుతాయి. బ్రెడ్డు తీసుకెళ్ళకండి. బైనాక్యులర్స్ ఒకటే ఉంటే పెద్ద పిల్లాడికి కాకుండా చిన్నదానికి ముందు ఇవ్వండి, లేకపోతే ఆ ఏడుపుకే గుంపు లేచిపోతుంది.