బందరు తీరమునకు రాత్రి సైకిలు ప్రయాణము

గోలకొండకు సముద్రపు వాకిలి మచిలీపట్టణము. 17వ శతాబ్దమున వజ్రములును, అద్దకపు వస్త్రములును ఆ రేవు నుండియే దేశాంతరములకు పోయినవి. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియె 1652లో అక్కడనే ఓడ దిగి గోలకొండకు వచ్చెను. నేడు హైదరాబాదును బందరును కలుపుచున్నది 65వ జాతీయ రహదారి. అబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయము ముందు బయలుదేరి సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా బందరు చేరుటకు సుమారు 340 కిలోమీటర్లు. బస్సులో నిద్రపోయి లేచునంతలో గడచిపోవు ఈ దూరమును పదిమంది మిత్రులు కలిసి ఒక రాత్రివేళ సైకిళ్ళపై పోదలచినచో ఏమేమి కావలెను?

ఇట్టి ప్రయాణములు ప్రపంచమునకు క్రొత్తవి కావు. ఇంగ్లండులో 1990వ దశకము నుండి ఏటా వేసవిలో, పున్నమికి దగ్గరగా వచ్చు ఒక శనివారము రాత్రి, లండను నుండి డనిచ్ అను సముద్రతీర గ్రామమునకు వందల మంది సైకిళ్ళపై పోవుచున్నారు. ఆ దూరము సుమారు 180 కిలోమీటర్లే; బందరు త్రోవ దానికి దాదాపు రెట్టింపు. మన దేశమున ఆడాక్స్ పద్ధతిని జరుగు దూరప్రయాణములలో 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు గడువు. కనుక అలవాటు గలవారికి బందరు యాత్ర అసాధ్యము కాదు. కాని అది ఒక రాత్రితో ముగియునది కాదు. సాయంకాలము 4 గంటలకు అబిడ్సు విడిచినవారు, విరామములతో కలిపి గంటకు 17 కిలోమీటర్ల చొప్పున సాగినచో, మరునాటి మధ్యాహ్నమునకు బందరు చేరుదురు.

ఈ మాట వినగనే చాలమంది చెప్పునది ఒకటి కలదు: "హైదరాబాదు ఎత్తున ఉన్నది, సముద్రము పల్లమున ఉన్నది. దారి అంతయు దిగుడే కదా!" ఇది సగము మాత్రమే నిజము. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్లు పైన ఉన్నది. మనిషి, సైకిలు, సామాను కలిసి 90 కిలోగ్రాములు అనుకొన్నచో, ఆ ఎత్తు వలన లభించు స్థితిజశక్తి 90 × 9.8 × 500, అనగా 441 కిలోజౌళ్ళు. వినుటకు పెద్ద సంఖ్యయే. ఖర్చు ఎంతయో చూచినగాని దీని విలువ తెలియదు.

చదునైన రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలును రెండు బలములు వెనుకకు లాగుచుండును. ఒకటి టైర్లు దొర్లుటలో కలుగు ఘర్షణ. మంచి టైర్లయినచో సుమారు 5 న్యూటనులు. రెండవది గాలి నిరోధము. నిటారుగా కూర్చున్న మనిషికి సుమారు 9 న్యూటనులు. మొత్తము 14. దీనిని 340 కిలోమీటర్ల దూరముతో హెచ్చవేసినచో 4,760 కిలోజౌళ్ళు వచ్చును. దక్కను పీఠభూమి దయతో ఇచ్చునది ఇందులో పదవ వంతు కన్నను తక్కువ! అదియును విజయవాడ చేరునప్పటికే దాదాపు చెల్లిపోవును. ఆ మీది 65 కిలోమీటర్లు కృష్ణా డెల్టాలో పళ్ళెమువలె చదునుగా ఉండును.

పీఠభూమి కన్న ఎక్కువ మేలు చేయునది చేతిపంపు. టైర్లలో గాలి చాలనపుడు నేలకు ఆనిన భాగము ఎక్కువగా నలిగి లేచుచుండును. నలుగుటలో ఖర్చయిన శక్తి అంతయు తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోవును. ఘర్షణ 5 న్యూటనుల నుండి 8 న్యూటనులకు పెరిగినచో, ప్రయాణము మొత్తముమీద నష్టము 1,020 కిలోజౌళ్ళు, అనగా పీఠభూమి ఇచ్చిన దానికి రెండింతలకు పైమాట. దీనిని ఉపాధ్యాయులు విద్యార్థులచేత సులభముగా పరీక్ష చేయించవచ్చును. అబిడ్సులో ఆదివారము తెల్లవారుజామున, పాత పుస్తకముల వారు కాలిబాటపై తమ పుస్తకములు పరచుకొనక ముందు, రోడ్డు ఖాళీగా ఉండును. అంతకన్న మేలైనది బడి ఆవరణలోని చదునైన సిమెంటు బాట. సెకండుకు 2 మీటర్ల వేగముతో, అనగా వడిగా నడచువాని వేగముతో, సైకిలును ఒక గీత వరకు తెచ్చి అక్కడ త్రొక్కుట మానవలెను. ఇంత తక్కువ వేగమున గాలి నిరోధము స్వల్పము గనుక సైకిలును ఆపునది ముఖ్యముగా దొర్లు ఘర్షణయే. గట్టిగా గాలి కొట్టిన సైకిలు సుమారు 30 మీటర్లు పోయి ఆగును. మెత్తబడిన టైర్లతో 20 మీటర్లు పోవుటయే కష్టము. బాటలో ఏ కొంచెము వాలు ఉన్నను లెక్క చెడును గనుక రెండు దిక్కులలోను చేసి సగటు తీయవలెను.

ఇక గాలి సంగతి. గుంపుగా పోవుటలోని లాభము ఇక్కడనే ఉన్నది. ముందు పోవువాడు గాలిని చీల్చగా వాని వెనుక ఒత్తిడి తగ్గిన, కలతపడిన గాలి ఏర్పడును. అందులో సాగువానికి నిరోధము తగ్గును. అమెరికా ఇంజనీరు చెస్టర్ కైల్ 1979లో ప్రకటించిన కొలతలు ఈ విషయమున ప్రసిద్ధములు. చక్రమునకు చక్రము తాకునంత దగ్గరగా ఉన్నపుడు లాభము అత్యధికము. 2 మీటర్ల ఎడమున్నను గాలి నిరోధములో దాదాపు నాల్గవ వంతు తగ్గును. 9 న్యూటనులలో నాల్గవ వంతు 2.25. నలుగురు వంతులవారీగా ముందుకు వచ్చుచుండినచో ప్రతివాడును దారిలో మూడు వంతులు మరుగున సాగును. లెక్కించి చూచినచో ఒక్కొక్కరికి 570 కిలోజౌళ్ళు మిగులును. 500 మీటర్ల దిగుడు కన్న ముందున్న మిత్రుడు ఎక్కువ ఇచ్చుచున్నాడు.

అయితే ఈ లాభమును రాత్రివేళ ఆశింపరాదు. గంటకు 20 కిలోమీటర్లనగా సెకండుకు 5.6 మీటర్లు. ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేసినపుడు వెనుకవాని కన్ను చూచి, మెదడు గ్రహించి, వ్రేళ్ళు బ్రేకును నొక్కుటకు మేలుకొని ఉన్నవానికే సుమారు 0.7 సెకండు పట్టును. అంతలో సైకిలు 4 మీటర్లు పోవును. 2 మీటర్ల ఎడమున్నచో ఢీకొనక తప్పదు. పగటివేళ ముందువాని భుజము మీదుగా దూరపు రోడ్డును చూడవచ్చును గనుక ముందే జాగ్రత్తపడవచ్చును. చీకటిలో కనబడునది ఒక ఎర్రదీపము మాత్రమే. నిద్రమత్తు కమ్మినవానికి ఒకటిన్నర సెకండు పట్టినను ఆశ్చర్యము లేదు. అపుడు 8 మీటర్లు పోవును. గుంపులో ఒకడు పడినచో వాని మీద మరి ముగ్గురు పడుదురు, వెనుక లారీ వచ్చుచుండును. కనుక చీకటి పడినది మొదలు 10 మీటర్ల ఎడము పాటించుట మేలు. దీనివలన పోవు లాభము ఎంత? రాత్రి 200 కిలోమీటర్లు సాగుదురనుకొన్నచో ఒక్కొక్కరు వదులుకొనునది సుమారు 340 కిలోజౌళ్ళ పని. శరీరము తిన్న ఆహారములోని శక్తిలో ఐదవ వంతునే పనిగా మార్చగలదు గనుక ఆ పనికి కావలసిన ఆహారము 1,700 కిలోజౌళ్ళు, అనగా 400 కిలోకెలోరీలు. నాలుగు అరటిపండ్లు!

రాత్రి గుంపు వలన కలుగు మేలు వేరు. పది దీపముల వరుస ఒక్క దీపము కన్న దూరమునకే లారీ డ్రైవరుకు కనబడును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆగుటకు 60 మీటర్లకు పైగా కావలెను. నల్లచొక్కా తొడిగినవాడు దించిన హెడ్‌లైట్ల వెలుగులో అంత దూరమున కనబడడు. వెనుకనుండు ఎర్రటి ప్రతిఫలకములో ఒకదానికొకటి లంబముగా అమర్చిన మూడేసి చిన్న తలములు గుంపులుగా ఉండును. వాటిపై ఏ దిక్కునుండి వెలుగు పడినను తిరిగి ఆ దిక్కునకే పోవును, అనగా డ్రైవరు కన్నులకే. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై ఉంచివచ్చిన పరికరము పనిచేయునది ఈ సూత్రముపైననే. పెడళ్ళకు అంటించిన ప్రతిఫలకములు మరింత ఉపయోగకరములు. క్రిందికి మీదికి కదలు వెలుగును చూడగనే అది మనిషి కాళ్ళని కన్ను గుర్తించును. కాని దీపములేని ట్రాక్టరు వచ్చినపుడు ప్రతిఫలకము వట్టి గాజుముక్క. స్వంత దీపములు ఉండియే తీరవలెను, వెనుకది ఆరిపోయినచో మరియొకటి సంచిలో ఉండవలెను. మినుకు మినుకుమను దీపము వెనుక వచ్చు మిత్రుని కన్నులకు బాధ. అది చిట్టచివరివానికి మాత్రమే తగును. చేతి సైగలు చీకటిలో కనబడవు గనుక "గుంట!", "ఆగు!" అని నోటితో చెప్పుట అలవరచుకొనవలెను.

తెల్లవారుజామున 2 గంటలకు, 5 గంటలకు నడుమ శరీరోష్ణము తగ్గి మెలకువ సన్నగిల్లును. పైన చెప్పిన వేగముతో వచ్చువారికి ఈ గడియ కోదాడ దాటిన తరువాత, నందిగామ లోపల వచ్చును. పాటలు పాడుట, ముఖము కడుగుకొనుట నిమిషముల మాట. కోదాడలో ఆగి ఒక టీ త్రాగి వెంటనే 20 నిమిషములు పడుకొనుట మంచి ఉపాయము. టీలోని కెఫీను పనిచేయుటకు సుమారు అంతకాలమే పట్టును గనుక లేచునప్పటికి రెండును తోడగును. అప్పటికిని కన్నులు మూతపడువానిని గుంపు నడుపువాడు కదలనీయకూడదు; వాడు మిగిలిన దారి బస్సులో వచ్చినచో యాత్రకు లోపమేమియు లేదు.

ఆహారము విషయమున తొందరపాటు ఎక్కువ. మొత్తము పనికి కావలసినది సుమారు 4,900 కిలోకెలోరీలు. కండరములలో, కాలేయములో గ్లైకోజెను రూపమున నిలువయుండునది 2,000 కిలోకెలోరీలకు మించదు. మెల్లగా త్రొక్కినపుడు కొవ్వు కూడ ఖర్చగును గనుక గ్లైకోజెను కొంత నిలుచును. వేగముగా త్రొక్కినచో అది అర్ధరాత్రికే అయిపోయి, కాళ్ళు బరువెక్కి, తల తిరుగును. ఆకలి వేయక ముందే గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థము లోపలికి పోవలెను. అరటిపండ్లు, వేరుసెనగ బెల్లపు ఉండలు, పులిహోర చాలును. ఉస్మానియా బిస్కట్లు టీలో ముంచుకొని తినుటకు హాయిగానే ఉండును, కాని వాటినే నమ్ముకొనరాదు. నీరు దప్పిక ననుసరించి కొంచెము కొంచెముగా త్రాగవలెను. చెమటతో ఉప్పు పోవుచుండగా వట్టి నీటినే అతిగా త్రాగినచో రక్తములో సోడియము పలచబడి ప్రమాదము కలుగును; మజ్జిగలోనో నిమ్మనీటిలోనో ఉప్పు వేసికొనుట అందుకే.

అభ్యాసము రెండు నెలల ముందు మొదలగుట మంచిది. నాంపల్లి నుండి చౌటుప్పలు పోయి వచ్చినచో సుమారు 100 కిలోమీటర్లు. అది కష్టము లేకుండ సాగిన తరువాత 200. రాత్రి సవారి ఒకటి తప్పనిసరి, దీపపు బ్యాటరీ ఎంతసేపు నిలుచునో అపుడే తెలియును. ట్యూబులు రెండు, పంక్చరు సామగ్రి, పంపు అందరివద్ద ఉండవలెను. చీకటిలో చక్రము విప్పుట ఇంటివద్దనే ఒకసారి కన్నులు మూసికొని చేసి చూచుకొనవచ్చును.

కాలము జనవరి మేలు, కాని సంక్రాంతికి ముందు దినములు కావు. పండుగకు ఊళ్ళకు పోవు కార్లు అపుడు ఈ రోడ్డుపై బారులు తీరి నిలుచును. కోఠి, చాదర్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటువరకు గుంపు కట్టుట వృథా ప్రయత్నము; హయత్‌నగరులో అందరును కలిసికొనవచ్చును. విజయవాడ నుండి ప్రొద్దుటనే కదలుట అవసరము. ఎండ ఎక్కి నేల వేడెక్కిన కొలదీ సముద్రము నుండి గాలి లోపలికి వీచును. బందరు పోవువానికి అది ఎదురుగాలి. గంటకు 7 కిలోమీటర్ల ఎదురుగాలి చాలును, 9 న్యూటనుల నిరోధము 16 దాటును. ఇక్కడ పగటి వెలుతురు ఉన్నది గనుక ఉయ్యూరు, పామర్రుల మీదుగా మరల ఒకరి వెనుక ఒకరు దగ్గరగా సాగవచ్చును.

బందరు నుండి మంగినపూడి తీరము మరి 10 కిలోమీటర్లు. సైకిలును ఇసుకలోనికి దింపకుండుట మంచిది. ఉప్పునీరు తగిలిన చెయిను ఒక్క రాత్రిలోనే తుప్పు పట్ట నారంభించును. తగిలినచో వెంటనే మంచినీటితో కడిగి, తుడిచి, నూనె వేసి, రైలుకు ఎక్కించవలెను.