సెల్‌ టవర్లు మూగబోయినా సందేశం చేరుతుంది

శ్రీకాకుళం: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. విద్యుత్తు స్తంభాలు కూలిపోయి సెల్‌ఫోన్లు మూగబోయాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో అయినవారి క్షేమ సమాచారం తెలియక జనం తల్లడిల్లారు. అటువంటి వేళ ఊరికీ ఊరికీ మధ్య చిన్న సందేశాన్ని చేరవేయగల సాధనం 'లోరా' రేడియో.

గొలుసుకట్టు ప్రసారం
అరచేతిలో ఇమిడే ఈ పరికరం స్వల్ప విద్యుత్తుతో కిలోమీటర్ల దూరం సంకేతాలు పంపుతుంది. మాటలు వినిపించవు, అక్షరాలు మాత్రమే చేరతాయి. 2020లో మొదలైన 'మెష్‌టాస్టిక్‌' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇందులో ఎక్కించుకోవచ్చు. ఒక పరికరం పంపిన సందేశాన్ని మధ్యలోనివి అందుకుని తిరిగి ప్రసారం చేస్తాయి. సిమ్‌కార్డు, ఇంటర్నెట్‌ అవసరం లేదు.

అమర్చేది ఇలా..
మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్‌ల పరిధిలో, నిర్దేశిత శక్తికి లోబడిన ఆమోదిత పరికరాలకు లైసెన్సు అక్కరలేదు. కనుక ఆ పరిధిలో పనిచేసే నమూనానే కొనాలి. ముందుగా యాంటెన్నా బిగించాలి. అది లేకుండా ప్రసారం చేస్తే పరికరం దెబ్బతినే ప్రమాదం ఉంది. తరువాత యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, క్రోమ్‌ బ్రౌజర్‌ ద్వారా సాఫ్ట్‌వేర్‌ ఎక్కించాలి. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగ ఇందుకు చాలదు. ఆపై ఫోనులోని యాప్‌ను బ్లూటూత్‌తో జతచేసి, ప్రాంతంగా భారత్‌ను ఎంచుకోవాలి. అంతవరకూ పరికరం ప్రసారం చేయదు. మొదట ఉండే చానల్‌ తాళంచెవి అందరికీ తెలిసినదే కాబట్టి ఊరివారు సొంత చానల్‌ ఏర్పరచుకోవాలి.

పొదుపుగా రాయాలి
ఒక సందేశంలో సుమారు 200 బైట్లే పడతాయి. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి కావాలి. 'తుపాను' అన్న ఒక్క మాటకే 18 బైట్లు ఖర్చవుతాయి. అందుచేత 'పడవ కావాలి', 'క్షేమం' వంటి పొట్టి మాటలను ముందే అనుకోవడం మేలు.

కొండలు, దట్టమైన తోటలు సంకేతాలకు అడ్డు. తీరంలోని తుపాను షెల్టర్ల వంటి ఎత్తయిన భవనాలపై సౌరఫలకం, బ్యాటరీతో ఒక పరికరం ఉంచితే పరిధి పెరుగుతుంది. విజయనగరం జిల్లాలోని పూసపాటిరేగ, భోగాపురం తీరానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అయితే ఇది అధికారుల హెచ్చరికలకు ప్రత్యామ్నాయం కాదు. సందేశం చేరుతుందన్న హామీ కూడా లేదు. గాలివాన మొదలయ్యాక పెట్టె విప్పితే ప్రయోజనం ఉండదు. అక్టోబరుకు ముందే ఊరి చివరి నుంచి చివరి వరకు పరీక్షించి చూసుకోవాలి.