టర్న్‌టేబుల్ అప్‌గ్రేడ్: ముందు సూది, తర్వాతే స్పీకర్లు

కొత్త ఫోన్ కొనాలంటే ఏ స్పెక్స్ చూడాలో మనకు బాగా తెలుసు. అదే టర్న్‌టేబుల్ దగ్గరికొచ్చేసరికి చాలామంది డబ్బంతా స్పీకర్ల మీద పెట్టేస్తారు. కార్వేటినగరం లాంటి ఊళ్లో ఉండేవాళ్లు షోరూమ్‌కి వెళ్లి విని కొనడం కుదరదు, స్పెక్స్ చూసే ఆర్డర్ పెట్టాలి. పైగా తప్పు పార్ట్ వేస్తే మళ్లీ దొరకని రికార్డు పాడవుతుంది. అందుకే ఏది ఏం చేస్తుందో చూద్దాం.

1. సూది

రికార్డు గాడిని తాకేది ఇదొక్కటే. ఇది చదవలేని సౌండ్‌ని ఎంత ఖరీదైన యాంప్లిఫయరైనా వెనక్కి తేలేదు. గుండ్రటి కోనికల్ మొన సన్నటి మలుపుల్లోకి సరిగ్గా దిగదు. ఎలిప్టికల్, మైక్రోలీనియర్ మొనలు ఇంకా బాగా దిగుతాయి.

తేడా తెలియాలంటే ఎల్పీలో చివరి పాట వినండి. బయటి అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలికొచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అంతే సౌండ్ తక్కువ చోట ఇరుక్కుంటుంది. అందుకే 'స', 'ష' శబ్దాలు గరగరలాడతాయి.

ఆడియో-టెక్నికా వీఎమ్95 సిరీస్‌లో కార్ట్రిడ్జ్ బాడీ అలాగే ఉంచి సూది ఒక్కటే మార్చుకోవచ్చు.

2. బరువు సెట్టింగ్

దీనికి పెద్దగా ఖర్చు లేదు. వీఎమ్95ఈ సూదికి 2 గ్రాముల బరువు కావాలి. తక్కువైతే సూది గాడిలో ఎగిరి గోడల్ని కొడుతుంది, మరీ ఎక్కువైతే గాడి త్వరగా అరుగుతుంది. సూది మార్చిన ప్రతిసారీ మళ్లీ చెక్ చేయండి.

3. ఫోనో ప్రీయాంప్

ఈ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. రికార్డు తయారుచేసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు. 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ స్టాండర్డ్ ప్రకారం ప్రీయాంప్ దాన్ని మళ్లీ సరిచేస్తుంది. పాట లేనప్పుడు కూడా గుయ్‌మని వినిపిస్తుంటే ముందు ఎర్త్ వైరు చూడండి, ఆ తర్వాతే కొత్త ప్రీయాంప్ గురించి ఆలోచించండి.

4. బెల్ట్, మోటర్

నాదస్వరంలో సాగదీసిన స్వరం ఊగుతుంటే స్పీడ్ నిలకడగా లేనట్టే. ఫోన్ జైరోస్కోప్‌తో ఆర్‌పీఎం కొలిచే యాప్స్ ఉన్నాయి. చాలాసార్లు బెల్ట్ మారిస్తే సరిపోతుంది.

తాతల నాటి రికార్డులుంటే?

చిత్తూరు నాగయ్య 'త్యాగయ్య' వచ్చింది 1946లో. మైక్రోగ్రూవ్ ఎల్పీ అమెరికాలో మొదలైందే 1948లో. అంటే ఆ కాలం పాటలు 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీదే వచ్చాయి. వాటి గాడి చాలా వెడల్పు. ఎల్పీ సూది వేస్తే అడుగున దుమ్ములో దొర్లి చిటపటలే ఎక్కువ వినిపిస్తాయి. 78 సూదిని ఎల్పీ మీద పెడితే ఎల్పీయే పాడవుతుంది. వీఎమ్95ఎస్‌పీ లాంటి ప్రత్యేకమైన సూది, 78 స్పీడ్ ఉన్న టర్న్‌టేబుల్, రెండూ కావాలి. మోనోలో వింటే రొద ఇంకా తగ్గుతుంది.

ఫైనల్‌గా

మీది కార్ట్రిడ్జ్ మార్చే వీల్లేని సూట్‌కేస్ మోడల్ అయితే దానిమీద ఇంక ఖర్చు పెట్టకండి, ఆ డబ్బు మంచి టర్న్‌టేబుల్‌కి దాచుకోండి. లేదంటే సూది, బరువు, ప్రీయాంప్, ఈ వరుసలో వెళ్లండి. స్పీకర్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, అరిగిపోయిన గాడి మాత్రం తిరిగి రాదు.