చల్లటి మోడి ముక్క నోటినెందుకు మండిస్తుంది?

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపు వెళ్తే పిప్పలి పండించే మన్యం వస్తుంది. తమలపాకు, మిరియం, పిప్పలి ఒకే కుటుంబం. అందుకే పిప్పలి ఆకు చిన్న తమలపాకులా కనిపిస్తుంది. తడి, కాస్త నీడ ఉంటే తీగ నేలంతా పాకుతుంది. చాలాచోట్ల దీన్ని కాయల కోసం పెంచితే, విశాఖ మన్యంలో ముఖ్యంగా వేళ్ల కోసం పెంచుతారు. ఆ ఎండు వేరు ముక్కలే పచారీ కొట్లో అమ్మే మోడి. బాలింత కాయంలో శొంఠితో పాటు పడేది ఇదే.

మోడి ముక్కను విరిచి వాసన చూడండి, ఘాటు ముక్కుకెక్కుతుంది. అదే ముక్కను కొరికితే ముందు మట్టిరుచి, కాసేపటికి నాలుక చురుక్కుమని, ఆపైన కొంచెం మొద్దుబారుతుంది. ఈ వాసన, ఈ మంట ఒకే పదార్థానివి కావు. వాసన గాలిలో కలిసిపోయే తైలానిది. మంట పైపరిన్ అనే పదార్థానిది, అది ఆవిరైపోదు. అందుకే డబ్బాలో పాతబడిన మోడి వాసన తగ్గినా నోటిని మండిస్తూనే ఉంటుంది. 1819లో ఓర్‌స్టెడ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మిరియాల నుంచి వేరుచేసింది ఈ పైపరిన్‌నే.

మరి వేడి లేకుండా మంట ఎలా? నాలుక మీద వేడిని కనిపెట్టే నరాల కొసలుంటాయి. వేడి పదార్థం తగిలితే అవి మెదడుకు కబురంపుతాయి. పైపరిన్ కూడా ఆ కొసలనే తట్టి లేపుతుంది. కబురు ఒకటే కనుక మెదడు దాన్ని వేడిగానే తీసుకుంటుంది. వెంటనే లాలాజలం ఊరుతుంది, ముక్కు కారుతుంది. దగ్గుకు తేనెలో పిప్పలి పొడి నాకించే అలవాటు వెనుక ఇలా లాలాజలం ఊరి గొంతుకు కలిగే ఊరటే ఉండి ఉండాలి. రోజుల తరబడి వదలని దగ్గుకు మాత్రం వైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటుకం ఎన్నో ఆయుర్వేద మందుల్లో ఉంటుంది. పేగుల్లో, కాలేయంలో మందులను విరిచి బయటికి పంపే ఎంజైముల పనిని అందులోని పైపరిన్ మందగింపజేస్తుంది. దాంతో తోడుగా వేసుకున్నది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు పసుపులోని కర్క్యుమిన్ 2 గ్రాములకు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడిస్తే, రక్తానికి అందే కర్క్యుమిన్ 20 రెట్లయింది. ఈ గుణం పసుపుకు మేలే. కానీ మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి మాత్రలు కూడా ఇలాగే రక్తంలో పెరగవచ్చు. రోజూ మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు డాక్టరుకు చెప్పాకే పిప్పలి పొడి మొదలుపెట్టాలి.